తీవ్ర న్యుమోనియా రోగిని బోర్లా తిప్పడం ఎలా: తయారీ నుంచి తిరిగి వెల్లకిలా చేసేదాకా

"సిస్టర్, డాక్టర్‌గారు ప్రోన్ (బోర్లా వేయడం) చేయమని రాశారు. మొదట ఏం పట్టుకోవాలి?" ఐసీయూలో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, ఫిజియోథెరపీ పిల్లలు, హౌస్ సర్జన్లు కూడా ఇదే అడుగుతుంటారు. అందుకే బెడ్ పక్కన నిలబడి ఏ వరసలో చేస్తామో అదే వరసలో రాస్తున్నాను.

ప్రోన్ చేయాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. చేసే పద్ధతి మాత్రం టీమ్ మొత్తానికీ తెలిసి ఉండాలి. మొదటి నాలుగైదు సార్లు అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి చేయండి.

మనిషిని తిప్పడానికి పట్టేది రెండు మూడు నిమిషాలే. దానికి ముందు అరగంట తయారీ, తర్వాత పదహారు గంటల కాపలా ఉంటాయి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఆ అరగంటలో తొందరపడినందుకో, ఆ పదహారు గంటల్లో ఏమరుపాటుగా ఉన్నందుకో జరిగినవే.

## 1. ముందు ఏ పొజిషనో తేల్చుకోండి

న్యుమోనియా అనగానే అందరినీ బోర్లా వేయరు.

అందరికీ: గొంతులో శ్వాస ట్యూబ్ ఉన్నా లేకపోయినా, డాక్టర్ వద్దని చెప్పకపోతే తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. కడుపులోది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఇది కాపాడుతుంది.

మన వార్డుల్లో చాలా మంచాలు హ్యాండిల్ తిప్పేవే. డిగ్రీలు చూపే గుర్తు ఉండదు, అందరూ కంటి అంచనాతో ఎత్తేస్తారు. ఒకసారి టేపు తెచ్చి మంచం వీపు పలక పొడవు కొలవండి. అది 80 సెంటీమీటర్లు ఉంటే, పై అంచు 40 సెంటీమీటర్లు లేచినప్పుడు 30 డిగ్రీలు అవుతుంది. దాదాపు 57 లేస్తే 45 డిగ్రీలు. ఆ ఎత్తులో గోడకు ఒక ప్లాస్టర్ ముక్క అంటించండి. ఇక ఏ షిఫ్టువాళ్లయినా దాన్ని చూసి సరిచేసుకుంటారు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. మంచం ఎత్తుగానే ఉంటుంది కానీ మనిషి కిందికి జారిపోయి పొట్ట దగ్గర ముడుచుకుని ఉంటాడు. అలా ఉంటే ఊపిరి ఇంకా కష్టం. తుంటి సరిగ్గా మంచం మడతపడే చోట ఉండాలి. ముందు మోకాళ్ల భాగం కొంచెం ఎత్తి, తర్వాత తలవైపు ఎత్తితే జారరు.

ఒకవైపే న్యుమోనియా ఉంటే: పెద్దవాళ్లలో మంచి ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పక్కకు పడుకోబెట్టండి. రక్తం కిందివైపుకు ఎక్కువగా పారుతుంది కాబట్టి అది మంచి ఊపిరితిత్తికి చేరాలి. కానీ నోట్లోంచి రక్తం ఎక్కువగా పడుతున్నా, ఊపిరితిత్తిలో చీముగడ్డ ఉన్నా జబ్బువైపే కింద ఉండాలి. లేకపోతే ఆ రక్తం, చీము మంచివైపుకు పాకుతాయి. పసిపిల్లల్లో లెక్క వేరు, వాళ్ల విషయం పిల్లల డాక్టర్‌నే అడగండి.

రెండువైపులా తీవ్రంగా ఉండి, వెంటిలేటర్ మీద కూడా ఆక్సిజన్ అందకపోతే: అప్పుడు ప్రోన్. ఇక్కడి నుంచి దాని గురించే.

## 2. ఎవరికి చేస్తారు, ఎవరి విషయంలో ఆగుతారు

ముందు పీఎఫ్ రేషియో చూస్తారు. ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష)లో వచ్చిన పీఓటూని (రక్తంలో ఆక్సిజన్ పీడనం), వెంటిలేటర్‌లో ఇస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగించాలి. పీఓటూ 72, ఇస్తున్న ఆక్సిజన్ 80 శాతం అనుకోండి. 72ని 0.8తో భాగిస్తే 90. కనీసం 60 శాతం ఆక్సిజన్, తగిన పీప్ (ఊపిరి వదిలాక ఊపిరితిత్తి మూసుకుపోకుండా వెంటిలేటర్ నిలిపే ఒత్తిడి) ఇస్తున్నా ఈ అంకె 150 కంటే తక్కువే ఉంటే ప్రోన్ గురించి ఆలోచించాలి. చివరి అస్త్రంగా దాచుకోకూడదు, త్వరగా మొదలుపెట్టాలి.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు, పొట్ట ఒత్తిడి వీపువైపు ఊపిరితిత్తి మీద పడతాయి. ఆ భాగం నలిగి మూసుకుపోతుంది. రక్తం మాత్రం అటే ఎక్కువగా వెళుతూ ఉంటుంది. బోర్లా వేస్తే వీపు భాగం తెరుచుకుని, రక్తం ఉన్నచోటికే గాలీ చేరుతుంది. వెంటిలేటర్ గాలి ఊపిరితిత్తి అంతటా సమంగా పరుచుకోవడంతో ఒకేచోట అతిగా సాగిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది.

ఎంతసేపు అన్నది చాలా ముఖ్యం. 2001లో వచ్చిన ఇటలీ పరిశోధనలో రోజుకు సగటున 7 గంటలు ప్రోన్‌లో ఉంచారు, మరణాలు తగ్గలేదు. 2013లో ఎక్కువగా ఫ్రాన్స్ ఐసీయూల్లో 466 మంది రోగులతో చేసిన ప్రొసెవా పరిశోధనలో ఒక్కో విడతకు కనీసం 16 గంటలు ఉంచారు. అందులో 28 రోజుల్లో మరణాలు వెల్లకిలా ఉంచినవాళ్లలో 32.8 శాతం ఉంటే, బోర్లా ఉంచినవాళ్లలో 16 శాతం. ప్రొసెవాలో పాల్గొన్న ఐసీయూలకు అప్పటికే ప్రోన్ చేయడంలో ఏళ్ల అనుభవం ఉంది. "రెండు గంటలు చేసి చూద్దాం" అనే ధోరణి అందుకే పనికిరాదు.

తిప్పే ముందు డాక్టర్‌తో ఈ జాబితా గట్టిగా చదివి సరిచూసుకోండి. వీటిలో ఏదున్నా ఆగి, మళ్లీ ఆలోచించాలి:

- వెన్నెముక విరిగి స్థిరంగా లేకపోవడం
- తుంటి ఎముక, తొడ ఎముక విరిగి ఇంకా బిగించకపోవడం
- మెదడులో ఒత్తిడి పెరిగి ఉండడం
- పొట్ట లేదా ఛాతీ ఆపరేషన్ గాయం తెరిచి ఉండడం
- ఈమధ్యే ముఖానికి, గొంతు గొట్టానికి, ఛాతీ ఎముకకు ఆపరేషన్ జరగడం
- నోటి నుంచి పెద్దమొత్తంలో రక్తం పడడం
- మందులు ఇస్తున్నా బీపీ నిలబడకపోవడం
- ఒకటి రెండు రోజుల క్రితమే పేస్‌మేకర్ పెట్టడం, కాలి సిరలో గడ్డకు చికిత్స ఇప్పుడే మొదలుకావడం
- నిండు గర్భం

లావుగా ఉండడం ఈ జాబితాలో లేదు. లావుగా ఉన్నవాళ్లకూ ప్రోన్ చేయవచ్చు, మనుషులు ఎక్కువ కావాలి, పొట్టకు చోటు దొరికేలా దిండ్లు జాగ్రత్తగా అమర్చాలి.

## 3. ముందు ఇంటివాళ్లతో మాట్లాడండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. మరుసటి రోజు రోగి కొడుకు అద్దంలోంచి చూసి, నాన్న ముఖం ఉబ్బిపోయి ఉందని హడలిపోతాడు. ఏదో దాచారని అనుమానపడతాడు.

నేను చెప్పే మాటలు ఇవి: "బాబూ, నాన్నగారి ఊపిరితిత్తుల్లో వీపువైపు భాగం మూసుకుపోయింది. అది తెరుచుకోవాలంటే బోర్లా పడుకోబెట్టాలి. రేపటిదాకా అలాగే ఉంచుతాం. ఆయనకు మత్తు ఇస్తాం, నొప్పి తెలియదు. ముఖం, కళ్లు, పెదవులు వాస్తాయి. వెల్లకిలా చేశాక మెల్లగా తగ్గుతుంది. ముఖం మీద, ఛాతీ మీద పుండ్లు పడే అవకాశం ఉంది, పడకుండా గంటగంటకీ చూసుకుంటాం."

డాక్టర్ రిస్కులు చెప్పి సంతకం తీసుకున్నా, ఈ నాలుగు మాటలు నర్సు నోటి నుంచి విడిగా వినబడాలి.

## 4. మనుషులు, సామాను

కనీసం ఐదుగురు కావాలి. తల దగ్గర ఒకరు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. తల దగ్గర ఉండేవాళ్లు ట్యూబ్ ఊడితే మళ్లీ వేయగలవాళ్లై ఉండాలి. లైన్లు ఎక్కువుంటే, రోగి బరువుంటే ఆరో మనిషి, ఏడో మనిషి.

నాయకత్వం తల దగ్గర ఉన్నవాళ్లదే. లెక్క వాళ్లే పెడతారు, మిగతా ఎవరూ గొంతెత్తకూడదు. వార్డ్ బాయ్ అయినా, ఆయమ్మ అయినా ట్యూబ్ లాగుతున్నట్టు కనిపిస్తే "ఆగండి" అనవచ్చని ముందే చెప్పండి. ఆ మాట వినబడితే అందరూ ఆగాలి.

బెడ్ పక్కన ఉండాల్సినవి:

☐ ఉతికిన దుప్పట్లు 2, వీలైతే జారే షీట్ 1
☐ గట్టి దిండ్లు 5 లేదా 6
☐ ఫోమ్ డ్రెస్సింగ్ ముక్కలు
☐ కంటి ఆయింట్‌మెంట్, మైక్రోపోర్ (కాగితపు ప్లాస్టర్)
☐ కొత్త ఈసీజీ స్టికర్లు
☐ పనిచేస్తున్న సక్షన్ (కఫం లాగే యంత్రం), ఆక్సిజన్‌కు తగిలించిన ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి)
☐ లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం), అదే సైజు ట్యూబ్, ఒక సైజు చిన్న ట్యూబ్, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నని కడ్డీ)
☐ అత్యవసర మందులు, మత్తు, కండరాలు సడలించే మందు
☐ డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) వార్డులో ఎక్కడుందో అందరికీ తెలిసి ఉండడం

ఫోమ్ దొరకని చోట గ్లవ్స్‌లో నీళ్లు నింపి ముఖం కింద పెట్టే అలవాటు చాలా ఆసుపత్రుల్లో ఉంది. అది వద్దు. ఒత్తిడి సమంగా పంచదు, పక్కకు జారిపోతుంది, పగిలితే ముఖమంతా తడి. చుట్టచుట్టిన గుడ్డ రింగులు కూడా వద్దు, అంచు దగ్గర రక్తం ఆగిపోతుంది. మెత్తటి దిండును చక్కగా మడిచి, ముడతలు లేకుండా వాడడం వాటికన్నా నయం.

## 5. తిప్పడానికి ముందు అరగంట

ఇదే ఈ పనికి గుండెకాయ. ఒక్కొక్కటి పైకి చదువుతూ, పూర్తయ్యాక టిక్ పెట్టండి.

పొట్ట. గంట ముందే ఫీడ్ (ట్యూబ్ ద్వారా ఇచ్చే ఆహారం) ఆపి ఉండాలి. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) నుంచి కడుపులోది బయటికి లాగేయండి. ట్యూబ్ ముక్కు దగ్గర ఎన్ని సెంటీమీటర్ల వద్ద ఉందో రాసుకోండి.

గొంతు ట్యూబ్. పళ్ల దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు ఉందో చార్టులోనూ, వైట్ బోర్డు మీదా రాయండి. కఫ్ (ట్యూబ్ చివర ఉండే గాలి బుడగ) ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. బోర్లా వేశాక లాలాజలం చెంపల మీదుగా కారి ప్లాస్టర్ నానిపోతుంది. అందుకే పాత ప్లాస్టర్ తీసేసి, చర్మం తుడిచి ఆరబెట్టి, కొత్తది వేసి, దానిపైన తాడు కూడా కట్టండి. తాడు చెవి మీదుగా, పెదవి మూల మీదుగా కోసుకుపోకుండా కింద మెత్త పెట్టండి.

సక్షన్. ముందు ట్యూబ్‌లో, తర్వాత నోట్లో. బోర్లా వేసిన మొదటి గంటల్లో కఫం ఎక్కువగా బయటికి రావచ్చు. క్లోజ్డ్ సక్షన్ (వెంటిలేటర్ గొట్టం విప్పకుండానే కఫం లాగేది) ఉంటే తగిలించి పెట్టుకోండి.

మత్తు. రోగి దగ్గకూడదు, వెంటిలేటర్‌తో పోట్లాడకూడదు. మత్తు సరిపోయిందా, సడలించే మందు కావాలా అన్నది డాక్టర్ తిప్పడానికి ముందే చూడాలి. సగం తిప్పాక రోగి దగ్గితే ఐదుగురి చేతుల్లోనూ పట్టు తప్పుతుంది.

సిరంజ్ పంపులు. నార్అడ్రినలిన్ (బీపీ నిలిపే మందు) సిరంజ్‌లో ఇంకా ఎంత ఉందో చూడండి. తిప్పుతుండగా అది అయిపోతే బీపీ పడిపోతుంది. పది నిమిషాలకు చాలదనిపిస్తే ముందే మార్చేయండి. అప్పటికప్పుడు అవసరం లేని డ్రిప్పులు తీసి క్యాప్ పెట్టండి.

లైన్లు. నడుము పైన ఉన్నవన్నీ తలవైపుకు, నడుము కింద ఉన్నవన్నీ కాళ్లవైపుకు తిప్పి సర్దండి. ఛాతీ డ్రెయిన్ మాత్రం కాళ్లవైపుకే. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి కాళ్ల మధ్య పెట్టండి. వెంటిలేటర్ గొట్టానికి తగినంత పొడవు ఉందో లేదో ఒకసారి చేత్తో లాగి చూడండి.

కళ్లు, నోరు. ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు పూర్తిగా మూసి, అడ్డంగా మైక్రోపోర్ అంటించండి. నాలుక పళ్ల మధ్య లేకుండా లోపల ఉండాలి.

చర్మం. నుదురు, చెంపలు, గడ్డం, ఛాతీ, తుంటి ఎముకల ముందు భాగం, మోకాళ్ల మీద ఫోమ్ అంటించండి. ఉన్న గాయాలను చూసి రాసుకోండి. లేకపోతే ఏది పాతది, ఏది కొత్తది అన్న వాదన తర్వాత వస్తుంది. డ్రెస్సింగులన్నీ ఇప్పుడే మార్చేయండి. వేళ్ల ఉంగరాలు, మెడలో తాడు తీసి ఇంటివాళ్లకు ఇచ్చి సంతకం తీసుకోండి. తాళి తీయడానికి ఒప్పుకోకపోతే పోట్లాడొద్దు, గుడ్డలో చుట్టి ఒత్తిడి పడని చోట ప్లాస్టర్‌తో కట్టండి.

ఆక్సిజన్. తిప్పడానికి ముందు 100 శాతానికి పెంచండి. ఏబీజీ తీసి అంకెలు రాసుకోండి.

## 6. తిప్పే క్రమం

వెంటిలేటర్ రోగికి కుడివైపు ఉందనుకుందాం. మామూలుగా వెంటిలేటర్ వైపుకే తిప్పుతాం. అప్పుడు గొట్టం లాక్కుపోదు.

మొదటి అడుగు. మంచం మొత్తం చదునుగా చేయండి. గాలి పరుపు ఉంటే గట్టిపడేలా పెట్టండి. చక్రాలు లాక్. మంచం ఎత్తు మీ నడుము దాకా.

రెండో అడుగు. వెంటిలేటర్ వైపు ఉన్న చేతిని, అంటే కుడిచేతిని, ఒంటి పక్కనే నిటారుగా పెట్టి అరచెయ్యి పైకి ఉండేలా పిర్ర కింద దూర్చండి. మనిషి ఆ చేతి మీదుగానే తిరుగుతాడు. చెయ్యి విడిగా ఉంటే భుజం మెలిపడుతుంది.

మూడో అడుగు. ఛాతీ మీద ఒక దిండు, తుంటి మీద ఒకటి, మోకాళ్ల కింద భాగం మీద ఒకటి అడ్డంగా పెట్టండి. పొట్ట మీద దిండు పెట్టకండి. బోర్లా వేశాక పొట్ట కిందికి వేలాడే చోటు ఉండాలి, అప్పుడే డయాఫ్రమ్ (పొట్టకు, ఛాతీకి మధ్య ఉండే ఊపిరి కండరం) కదులుతుంది.

నాలుగో అడుగు. దిండ్ల మీదుగా ముఖం మినహా ఒళ్లంతా రెండో దుప్పటి కప్పండి. కింది దుప్పటి అంచు, పై దుప్పటి అంచు కలిపి రెండువైపులా ఒంటికి దగ్గరగా గట్టిగా చుట్టండి. కజ్జికాయ అంచు మడిచినట్టు, మధ్యలో ఎక్కడా వదులు లేకుండా రావాలి. ఇది వదులుగా ఉంటే మొత్తం పని చెడుతుంది.

ఐదో అడుగు. ఛాతీ మీది ఈసీజీ స్టికర్లు దిండ్లు పెట్టేముందే తీసేసి ఉండాలి. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూపే గొట్టం) మాత్రం కనబడుతూ ఉండాలి. నా మొదటి ఏడాదిలో మా షిఫ్టులో ఒక స్టికర్ ఛాతీ కింద ఉండిపోయింది. పదహారు గంటల తర్వాత వెల్లకిలా చేస్తే ఆ స్టికర్ బటన్ సైజులో, రూపాయి బిళ్ల అద్దినట్టు నల్లటి మచ్చ కనిపించింది. అది పుండై మానడానికి చాలా రోజులు పట్టింది. అప్పటి నుంచి తీసిన స్టికర్లను ట్రేలో పెట్టి లెక్కపెడతాను. ఐదు అంటించి ఉంటే ఐదూ ట్రేలో కనబడాలి.

ఆరో అడుగు. తల దగ్గర ఉన్నవాళ్లు ఒక చేత్తో ట్యూబ్‌ను, రెండో చేత్తో తలను పట్టుకుంటారు. "మూడు అనగానే కదపాలా, మూడు తర్వాతా?" అన్నది ముందే మాట్లాడుకోండి. ఒకటి, రెండు, మూడు. దుప్పటి చుట్ట పట్టుకుని రోగిని వెంటిలేటర్‌కు దూరంగా, ఎడమ అంచుకు జరపండి. ఆగండి. ట్యూబ్, లైన్లు చూడండి.

ఏడో అడుగు. మళ్లీ లెక్క. రోగిని కుడి పక్కకు, వెంటిలేటర్ వైపు ముఖం వచ్చేలా నిలువుగా తిప్పండి. ఇక్కడ కచ్చితంగా ఆగాలి. ఎదురెదురుగా ఉన్నవాళ్లు చుట్ట మీద చేతులు మార్చుకుంటారు. తల దగ్గర ఉన్నవాళ్లు "ట్యూబ్ ఓకే" అని పైకి చెప్పాలి.

ఎనిమిదో అడుగు. మూడోసారి లెక్క. మెల్లగా బోర్లా దించండి. మంచం మధ్యలోకి వస్తాడు. కింద ఇరుక్కున్న చెయ్యి మెల్లగా బయటికి తీయండి. ముఖం ఒకవైపుకు తిప్పి ఉంచండి.

## 7. తిప్పిన వెంటనే పది నిమిషాలు

ఎవరూ వెళ్లిపోకూడదు. "అయిపోయింది కదా" అని ఇద్దరు పక్క బెడ్‌కు వెళ్లిన క్షణంలోనే ట్యూబ్ ఊడితే చేతులు చాలవు.

☐ మానిటర్ మీద రోగి వదిలే కార్బన్ డయాక్సైడ్ వేవ్ వస్తోందా
☐ పళ్ల దగ్గర ట్యూబ్ గుర్తు బోర్డు మీద రాసినదేనా
☐ రెండువైపులా గాలి శబ్దం వినబడుతోందా
☐ వెంటిలేటర్‌లో టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి), ప్రెజర్ ఎలా మారాయి
☐ ఈసీజీ స్టికర్లు వీపు మీద అంటించారా
☐ ఆర్టీరియల్ లైన్ ట్రాన్స్‌డ్యూసర్ (బీపీ కొలిచే భాగం) గుండె మట్టానికి ఉందా, జీరో చేశారా
☐ పంపులన్నీ నడుస్తున్నాయా, ఏ లైనూ మడత పడలేదా
☐ కిందికి ఉన్న చెవి మడతపడకుండా ఉందా
☐ కళ్ల మీద ఒత్తిడి పడకుండా ఉందా
☐ మగవాళ్లయితే వృషణాలు, ఆడవాళ్లయితే రొమ్ములు నలగకుండా ఉన్నాయా
☐ యూరిన్ ట్యూబ్ తొడ కింద నలగలేదా

తర్వాత చేతులు అమర్చండి. ముఖం చూస్తున్న వైపు చెయ్యి పైకి, మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి. భుజాన్ని 80 డిగ్రీలు మించి ఎత్తకండి. రెండో చెయ్యి ఒంటి పక్కన కిందికి. ఈతగాడి పొజిషన్ అంటే ఇదే. పాదాల కింద దిండు పెట్టి కాలివేళ్లు పరుపుకు గుచ్చుకోకుండా చూడండి. చివరగా మంచం మొత్తాన్ని తలవైపు ఎత్తుగా వంచండి. 10 డిగ్రీలైనా ఉంటే ముఖం వాపు తగ్గుతుంది, ఫీడ్ పైకి తన్నదు.

## 8. పదహారు గంటల కాపలా

రెండు గంటలకోసారి తల అటు ఇటు మార్చండి. తలతో పాటు చేతులూ మారాలి. దీనికి ముగ్గురు కావాలి: ఒకరు తల, ట్యూబ్ చూసుకుంటే, మిగతా ఇద్దరు భుజాలు ఎత్తుతారు. ఒక్కరే చేయబోయి ట్యూబ్ ఊడగొట్టుకున్న సందర్భాలు ప్రతి ఐసీయూలో ఉంటాయి.

తల తిప్పిన ప్రతిసారీ అప్పటిదాకా కింద ఉన్న చెంప, చెవి, కన్ను చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయముంది. నొక్కినా ఎరుపు మారకపోతే అది పుండుకు మొదలు. అటువైపు ఒత్తిడి పూర్తిగా తీసేసి డాక్టర్‌కు చెప్పి రాయండి. నల్లటి చర్మం మీద ఎరుపు తెలియదు. చేత్తో తాకి వేడిగా, గట్టిగా ఉందేమో చూడాలి.

ఫీడ్ ఆపేయాల్సిన పని లేదు. డాక్టర్ సరేనంటే తక్కువ వేగంతో మొదలుపెట్టండి. ఏబీజీ అరగంట నుంచి గంటలోపు ఒకసారి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినప్పుడు.

ఆక్సిజన్ వెంటనే పెరగలేదని నిరుత్సాహపడి గంటలోనే వెల్లకిలా చేయకండి. కొందరిలో మెరుగుదల మెల్లగా కనిపిస్తుంది. అంకె పెద్దగా పెరగకపోయినా ఊపిరితిత్తి మీద ఒత్తిడి తగ్గడం వల్ల మేలు జరుగుతుంది.

## 9. తేడా వస్తే ఏం చేయాలి

శాచురేషన్ పడిపోయింది. తిప్పిన మొదటి కొద్ది నిమిషాల్లో కొంత తగ్గడం మామూలే. ఆక్సిజన్ 100 శాతంలోనే ఉంచి ట్యూబ్ గుర్తు, కఫం, గొట్టం మడతలు ఆ వరసలో చూడండి. ట్యూబ్ లోపలికి జారి ఒకే ఊపిరితిత్తికి గాలి పోతూ ఉండవచ్చు. 100 శాతం ఇస్తున్నా 85 కంటే తక్కువే ఉండి 5 నిమిషాలు దాటితే వెల్లకిలా చేసే నిర్ణయం డాక్టర్ తీసుకోవాలి.

ప్రెజర్ అలారం మోగుతోంది. ముందు సక్షన్ కేథటర్ వేసి చూడండి. లోపలికి దిగకపోతే ట్యూబ్ మడత పడిందో, కఫంతో మూసుకుపోయిందో, పళ్లతో కొరుకుతున్నారో. చాలాసార్లు నోటి లోపల, కనబడని చోట మడత ఉంటుంది.

బీపీ తగ్గింది. పంపు లైను నలిగిందేమో ముందు చూడండి, ఆ తర్వాత ట్రాన్స్‌డ్యూసర్ ఎత్తు. అవి సరిగ్గా ఉంటే పొట్ట కింద దిండు నొక్కుతోందా చూడండి. మందు పెంచడం ఆ తర్వాత.

ట్యూబ్ ఊడింది. సాయం కోసం గట్టిగా పిలవండి, వెంటనే వెల్లకిలా. అందుకే దుప్పటి చుట్టను ఊడదీసి పడేయకుండా పక్కనే ఉంచుకోవాలి.

గుండె ఆగింది. ట్యూబ్ సరిగ్గా ఉంటే తిప్పేదాకా ఆగకుండా బోర్లా ఉన్నట్టే మొదలుపెట్టండి. రెండు భుజం బ్లేడ్ల మధ్య, వెన్నెముక మీద అరచేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ఆర్టీరియల్ లైన్‌లో వేవ్ చూస్తే నొక్కుడు సరిపోతోందో లేదో తెలుస్తుంది. ఈలోపు మిగతావాళ్లు తిప్పడానికి చేరుకుంటారు. షాక్ ఇవ్వాల్సివస్తే ప్యాడ్లు రెండు చంకల కింద పక్కటెముకల మీద పెట్టవచ్చు.

## 10. తిరిగి వెల్లకిలా, ఆపేది ఎప్పుడు

వెల్లకిలా చేయడానికీ అదే టీమ్, అదే జాబితా, అదే లెక్క. ఇది సులువు అనుకుని ముగ్గురితో చేయబోవద్దు. మనిషి ఉబ్బి ఉంటాడు, ప్లాస్టర్ నాని ఉంటుంది. ట్యూబ్ ఊడేది ఇక్కడే ఎక్కువ. వీలైనంతవరకూ పగటి షిఫ్టులో, మనుషులున్న సమయంలో పెట్టుకోండి.

తిప్పాక నాలుగు గంటలు ఆగి ఏబీజీ చూస్తారు. ఆక్సిజన్ 60 శాతం, పీప్ 10 దాటకుండానే పీఎఫ్ రేషియో 150 లేదా అంతకంటే ఎక్కువ నిలబడితే మళ్లీ ప్రోన్ అవసరం లేదు. నిలబడకపోతే మరో విడత. నాలుగైదు విడతలు పట్టడం మామూలే, ఇంటివాళ్లకు ఈ మాట కూడా ముందే చెప్పాలి.

## 11. ట్యూబ్ లేకుండా మెలకువగా ఉన్న రోగి

మాస్క్ లేదా హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లను కూడా బోర్లా పడుకోమంటాం. ట్యూబ్ వేసే అవసరం తగ్గుతుందన్న ఆధారాలు ముఖ్యంగా కోవిడ్ రోగుల్లో వచ్చాయి. మిగతా న్యుమోనియాల్లో డాక్టర్ చూసి చెబుతారు.

ఇక్కడ మనం తిప్పం, రోగే తిరగాలి. అందుకే నచ్చజెప్పడమే పని. "అవ్వా, పొట్ట మీద పడుకుందాం. ఊపిరాడకపోతే చెయ్యి ఊపు, వెంటనే లేపుతా. నేను ఇక్కడే ఉంటా" అని, నిజంగానే మొదటి పదిహేను నిమిషాలు పక్కనే నిలబడండి. బెల్ చేతికందాలి, నీళ్ల గ్లాసు చేతికందాలి, ఆక్సిజన్ గొట్టం ఒంటి కింద పడకూడదు.

2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పిన దిండ్ల అమరిక సులువైనది. మెడ కింద ఒకటి, ఛాతీ నుంచి తొడల పైభాగం దాకా ఒకటి లేదా రెండు, పిక్కల కింద రెండు. బోర్లా, కుడిపక్క, ఆనుకుని కూర్చోవడం, ఎడమపక్క, మళ్లీ బోర్లా. ఒక్కోటి అరగంట నుంచి రెండు గంటలు, ఓర్చుకున్నంతే. తిన్నాక గంటదాకా వద్దు. గర్భిణులు, గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు.

బోర్లా పడుకున్నాక శాచురేషన్ పెరిగిందన్న ధైర్యంతో మనిషిని చూడడం మానేయకండి. ఈ కిందివాటిలో ఏదైనా కనిపిస్తే అంకె బాగున్నా డాక్టర్‌ను పిలవండి:

☐ నిమిషానికి 30 దాటి ఊపిరి తీసుకుంటున్నారు
☐ మెడ కండరాలు లాగుతున్నాయి, మాట పూర్తి చేయలేకపోతున్నారు
☐ మాస్క్ పీకేస్తున్నారు, తికమకగా మాట్లాడుతున్నారు
☐ ఇంతసేపూ విసుక్కున్న మనిషి ఉన్నట్టుండి మగతగా, నిశ్శబ్దంగా అయిపోయారు